పూతకు పూచీ ఎవరిది?

ఇంటి ముందు పరచిన సిమెంటు బ్లాకుల మీద అద్దంలా మెరిసే పూత పూసి, "అయిదేళ్ళ గ్యారంటీ" అని నోటిమాటగా చెప్పి, సొమ్ము పుచ్చుకొని వెళ్ళే కాంట్రాక్టర్లు నగరంలోనే కాదు, ఇప్పుడు మండల కేంద్రాలలోనూ పల్లెలలోనూ కనిపిస్తున్నారు. ఒక్క వానాకాలం గడిచేసరికి ఆ పూత పాము కుబుసం విడిచినట్లు పొరలుపొరలుగా లేచిపోతుంది. లేదా కింద తెల్లని మరకలు పుట్టి వాకిలంతా బూడిద చల్లినట్లవుతుంది. సందులలోని ఇసుక కొట్టుకుపోయి బ్లాకులు కాలికింద కదులుతాయి. కాంట్రాక్టరును అడిగితే మందు కంపెనీది, తనది కాదంటాడు. మందు అమ్మిన దుకాణదారు పూసినవాడి తప్పు అంటాడు. పూసినవాడు పరచినవాడి మీద తోస్తాడు. పరచిన మేస్త్రి ఆపాటికి ఏ ఊళ్ళో పనిలో వున్నాడో ఎవరికీ తెలియదు. చివరకు గృహస్థు చేతిలో మిగిలేది ఖాళీ డబ్బా. గ్యారంటీ అనే మాట దేనికి వర్తించాలి, దేనికి వర్తించకూడదు అన్న సంగతి పని మొదలు కాకముందే తేల్చుకోవలసిన అవసరం ఎంతైనా వుంది.

నేల పరచడంలోని సాధకబాధకాలు తెలియాలంటే హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళి చార్మినార్ చుట్టూ నేలవంక చూస్తే చాలు. పెండ్లి గాజులకు లాడ్ బజారుకు, ముత్యాలకు పత్తర్‌గట్టీకి, బట్టలకు మదీనాకు వెళ్ళే జిల్లావాసులు తలెత్తి మినార్లు చూస్తారు గాని, కాళ్ళకింద ఏమి పరిచారో చూసేవారు అరుదు. 1591లో కట్టిన ఆ కట్టడాన్ని వాహనాల పొగ నుంచి, అదురు నుంచి కాపాడేందుకు చుట్టుపక్కల బజార్లను కాలినడక దారులుగా మార్చే పథకం ఇరవై ఏళ్ళకు పైగా సాగుతూ వచ్చింది. తారు తీసివేసి గుల్జార్ హౌజ్ నుంచి చార్మినార్ దాకా, మక్కా మసీదు వైపూ గ్రానైటు రాళ్ళు పరిచారు. స్వచ్ఛభారత్ కింద దేశంలోని ప్రముఖ ప్రదేశాలను ఎంపికచేసినప్పుడు తిరుమల మొదటి విడతలో వుండగా, చార్మినార్‌కు రెండో విడతలో చోటు దక్కింది. అంతటి పేరున్న చోట పరచిన రాళ్ళ మీద రోజూ పడేదేమిటి? తోపుడుబండ్ల చక్రాలు, ఇరానీ చాయ్ చుక్కలు, పాన్ ఉమ్ములు, రంజాన్ నెలలో హలీం బట్టీల నూనె, మసి. వాహనాలు వద్దన్నా సామాను దించే బండ్లు రాక తప్పదు. రాయి ఎంత గట్టిదైనా ఇంత రాపిడికి దాని కింది పరుపు, పక్క సందులు నిలవాలి గదా!

అసలు రాయి చెడదు. పాతబస్తీయే దానికి సాక్ష్యం. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టీలో కట్టించిన రాతి దుకాణాల వరుస నేటికీ చెక్కుచెదరలేదు. పాత ఇళ్ళ లోగిళ్ళలో పరచిన షాబాదు బండలు మూడు తరాల కాళ్ళరాపిడికి నునుపుదేలాయే తప్ప పగలలేదు. ఆ షాబాదు ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలోనిదే, నేడు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో వుంది. దానికి పొరుగునే వున్న తాండూరు బండ సంగతి వికారాబాదు జిల్లావాసులకు వేరే చెప్పనక్కరలేదు. గనిలో పలకలు లేపేవారు, పాలిషు యూనిట్లలో దుమ్ము మింగేవారు మన ఊళ్ళవారే. బండ వారికి తెలుసు. తెలియనిదల్లా ఆ బండ నగరంలో ఒకరి వాకిట్లో పడిన తరువాత దానికి ఎవరు ఏమి పూస్తున్నారు, ఏమని మాట ఇస్తున్నారు అన్నదే.

సీలరు అనే ఈ పూత నిజానికి మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు. మట్టి అరుగును వారం వారం పేడతో అలకడం, సున్నపు గచ్చును నూరి నూరి నున్నచేయడం కూడా నేలలోకి నీరు దిగకుండా, దుమ్ము లేవకుండా చేసుకున్న ఉపాయాలే. అలుకు పోతే ఇల్లాలు మళ్ళీ అలికేది. ఖర్చు లేదు గనుక గ్యారంటీ అడిగినవారూ లేరు. ఇప్పటి పూత అలా కాదు. డబ్బాల లెక్కన కొనాలి, మనిషిని పెట్టి పూయించాలి, చెడితే గీకించాలి. గీకించడం పూయించడం కంటే పెద్ద పని. అందుకే పూచీ ప్రశ్న వచ్చింది.

ఈ పూతలు స్థూలంగా రెండు రకాలు. ఒకటి బ్లాకు పైన పలుచని పొరగా నిలిచి మెరిసేది. రెండవది బ్లాకు రంధ్రాలలోకి ఇంకిపోయి, మెరుపు లేకుండా నీటిని మాత్రం పట్టనీయనిది. మెరిసే రకాన్ని జనం ఇష్టపడతారు, ఎందుకంటే ఖర్చుపెట్టినది కంటికి కనిపిస్తుంది. అయితే ఎండకు, టైర్ల రాపిడికి అది సాధారణంగా రెండు మూడేళ్ళలో అరిగిపోతుంది, మళ్ళీ పూయవలసిందే. అటువంటి దానికి పదేళ్ళ హామీ ఇచ్చే కాంట్రాక్టరు మాటలో ఎంత నిజముందో పాఠకులే ఊహించుకోవచ్చు. ఇంకే రకం కొంతకాలం ఎక్కువ నిలుస్తుంది గాని, కంటికి కనిపించదు గనుక నిజంగా పూశారా, నీళ్ళు కలిపి పూశారా అన్న అనుమానం వుండనే వుంటుంది.

పూత చెడిందంటే నూటికి తొంభై మంది మందునే తిడతారు. కాని తప్పు చాలాసార్లు మందులో వుండదు, దాని కింద వుంటుంది. సిమెంటు బ్లాకుల నేల నిలబడేది నాలుగు అంతస్తుల మీద. అడుగున రోలరుతో తొక్కించిన మట్టి, దానిపైన మొరం లేక కంకర, దానిపైన రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మందాన ఇసుక, ఆపైన బ్లాకులు. బ్లాకుల మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సందులు వదలి, సన్నని ఇసుక నింపి, యంత్రంతో అదిమి, మళ్ళీ నింపాలి. చుట్టూ అంచు దిమ్మెలు గట్టిగా నాటాలి. ఇవన్నీ సరిగా వుంటేనే బ్లాకులు ఒకదానినొకటి పట్టుకొని బరువు పంచుకుంటాయి. కాని జరిగేదేమిటి? రోలరు ఇరుకు గల్లీలోకి రాదన్న సాకుతో మట్టిని కాళ్ళతో తొక్కి సరిపెడతారు. ఇసుక పిరం కాబట్టి క్రషరు డస్టు పోస్తారు. సందులలో ఒక్కసారి ఇసుక చల్లి చీపురుతో తుడిచి చేతులు దులుపుకుంటారు. అంచు దిమ్మెలు అసలే వుండవు. ఆ లోపాలన్నిటి మీద మెరిసే పూత పూస్తే పెండ్లికూతురు మొహానికి పౌడరు అద్దినట్లు వారం పాటు బాగానే కనిపిస్తుంది. మొదటి గట్టివాన పడగానే నీరు సందులలోకి దిగి, కింది ఇసుకను లాక్కుపోయి, బ్లాకు కుంగి, పూత పగులుతుంది.

ఇక తెల్లమరకల సంగతి. కొత్త సిమెంటు బ్లాకులోని సున్నం తేమతోపాటు పైకి వచ్చి, గాలి తగిలి తెల్లని పొరగా మారుతుంది. గోడకు చవుడు పూసినట్లు కనిపిస్తుంది. దీనివల్ల బ్లాకు బలానికి లోటేమీ లేదు. ఎండకు ఎండి, వానకు కడిగి కొన్ని నెలలలో దానంతటదే తగ్గుతుంది. కాని అది బయటికి వచ్చే గడువు ఇవ్వకుండా, పరచిన నాలుగో రోజే పూత పూస్తే ఆ తెలుపు పూత కిందనే చిక్కుకుపోతుంది. ఇక ఎంత కడిగినా పోదు, పూతంతా ఊడదీయవలసిందే. పరచిన తరువాత కనీసం ఒకటి రెండు నెలలు ఆగి, నేల పూర్తిగా ఆరిన తరువాతనే పూయాలన్నది ఈ పని తెలిసినవారందరూ ఎరిగినదే. మరి ఎందుకు ఆగరు? ఆగితే మళ్ళీ రావాలి, మళ్ళీ ఆటో కిరాయి, మళ్ళీ కూలి. గృహస్థుకూ తొందరే. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొస్తుంది, లేకపోతే పెండ్లి చుట్టాలు దిగుతారు. ఈ తొందరలో ఇద్దరికీ పాలుంది. అయినా పని తెలిసినవాడు కాంట్రాక్టరే గనుక, ఆగాలని ముందుగా చెప్పవలసిన బాధ్యత అతనిదే.

ఆసిడ్ మరో పీడ. పూతకు ముందు సిమెంటు మచ్చలు పోవాలని మరుగుదొడ్లకు వాడే ఆసిడ్‌ను నేలమీద గుమ్మరిస్తారు. గ్రానైటు దానికి చాలామట్టుకు తట్టుకుంటుంది. షాబాదు బండ, తాండూరు బండ సున్నపురాళ్ళు. ఆసిడ్ పడితే నురుగు కక్కి పైపొర తినేస్తుంది. సిమెంటు బ్లాకు పైభాగమూ అంతే. కాలిన చర్మం మీద మందు అంటనట్లు ఆ తరువాత ఏ పూతా సరిగా అంటుకోదు. ఆసిడ్‌తో కడిగినది కాంట్రాక్టరు అయితే నష్టమూ అతనిదే. పూత అయిన ఏడాదికి ఇంటివారే కడిగితే అతన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇంతా చెప్పిన తరువాత డబ్బామీది గ్యారంటీలో ఏముంటుందో చూడాలి. సన్నని ఇంగ్లీషు అక్షరాలలో వుండే ఆ రాతను చదివేవారు లేరు. చదివితే తేలేది ఇంతే. మందులో లోపమున్నదని రుజువైతే మరో డబ్బా ఇస్తారు. పాత పూత గీకే కూలి, మళ్ళీ పూసే కూలి, కుంగిన బ్లాకులు లేపి పరిచే ఖర్చు దానిలోకి రావు. పైగా నేలను సిద్ధం చేయడంలో తప్పు జరిగితే హామీ చెల్లదన్న షరతు ఒకటి వుండనే వుంటుంది. నేలను సిద్ధం చేసినది ఇంటివాడు కాదు, కాంట్రాక్టరు. అంటే కంపెనీ హామీని చూపి కాంట్రాక్టరు తన హామీ నుంచి తప్పుకుంటున్నాడన్నమాట. డబ్బాకు కంపెనీ పూచీ వుండనీ, పనికి పూచీ మాత్రం పని చేయించినవానిదే కావాలి.

న్యాయమైన హామీ పత్రంలో మొదట వుండవలసినది ఏ మందు, ఎంత, ఎన్ని చేతులు పూశారన్న వివరం. మందు పేరు, రకం, డబ్బా మీది బ్యాచ్ నెంబరు, తయారైన తేదీ పత్రంలోకి ఎక్కాలి. రెండు చేతులు పూస్తానని ఒప్పుకొని ఒక చేయి పూసి పోయేవారికి ఈ ఒక్క ముక్కతో కళ్ళెం పడుతుంది. పూత ఊడడం, పొక్కులు లేవడం, పాలలా తెల్లబడడం, మచ్చలుమచ్చలుగా వుండడం, సందులలోని ఇసుక కొట్టుకుపోవడం జరిగితే బాగుచేసే బాధ్యత కాంట్రాక్టరుదని స్పష్టంగా రాయాలి. బాగుచేయడమంటే మందు, మనిషి, గీకుడు, కడుగుడు అన్నీ కలిపి, అదనంగా పైసా అడగకుండా. బ్లాకులు పరచినవాడూ పూత పూసినవాడూ ఒకరే అయితే కుంగుడుకు కూడా అతనే పూచీ పడాలి. వేర్వేరు మనుషులయితే పూత పూయడానికి ముందు ఇద్దరూ నేల చూసి, ఫలానా చోట వంకర వుంది, ఫలానా బ్లాకు పగిలి వుంది అని రాసి సంతకం పెడితే తరువాతి జగడాలు సగం తగ్గుతాయి. నేల బాగాలేదని తెలిసీ నోరు మూసుకొని పూసినవాడు తరువాత పరచినవాడి మీద నెపం వేయడం కుదరదు.

జారుడు సంగతి ఎవరూ తలవరు, తలవవలసినది అదే ముందు. మెరిసే పూత తడిస్తే నూనె రాసిన పళ్ళెంలా వుంటుంది. పాతబస్తీలో మసీదుల వజూ చేసే చోట, దర్గా ముంగిట, గుడి మెట్ల దగ్గర, ఫంక్షను హాళ్ళ వాకిళ్ళలో నీరు పడని రోజు వుండదు. మన పల్లెల్లో బోరు పంపు దగ్గర, పశువులు తిరిగే వాకిట్లో అంతే. ముసలివారు జారిపడి తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేచి నడవడం అదృష్టాన్ని బట్టే. కాలు పట్టు చిక్కేటట్లు సన్నని గరుకు పొడి కలిపిన పూతలు వున్నాయి. తడి తగిలే చోట అటువంటి పూతే పూయాలనీ, పూత వల్ల నేల జారుతున్నట్లు తేలితే కాంట్రాక్టరు తన ఖర్చుతో గరుకు చేయించాలనీ హామీలో వుండి తీరాలి. మెరుపు తగ్గిందని తగాదా పడే పెద్దమనుషులు కాలు విరిగే సంగతి మరచిపోవడం విచిత్రమే.

గడువు ఎంత? పైపొర పూతకు రెండేళ్ళు, ఇంకే రకానికి మూడేళ్ళు అడగడం అత్యాశ కాదు. పరచిన పనికి అంతకంటే ఎక్కువే అడగవచ్చు. ఏళ్ళ లెక్క కంటే వానాకాలాల లెక్క మనకు మేలు. జనవరిలో పూసి డిసెంబరుతో ముగిసే హామీలో ఒక్క వానాకాలమే వుంటుంది, అక్టోబరులో పూసి మే నెలలో ముగిసే హామీలో ఒక్కటీ వుండదు. కనుక "రెండు వానాకాలాలు నిండేవరకు" అని రాయించుకోవాలి. ఫిర్యాదు చేసిన ఎన్ని రోజులలో వచ్చి చూస్తాడో, ఎన్ని రోజులలో బాగుచేస్తాడో కూడా రాయకపోతే ఆ హామీ గోడమీది పిల్లి.

అయితే కాంట్రాక్టరు మీద అన్నీ రుద్దడమూ తగదు. మామూలు అరుగుదల హామీలోకి రాదు. కార్ల కోసం వేసిన నేలమీదికి ఇటుకల లారీ ఎక్కించి బ్లాకులు పగిలాయంటే అతనేమి చేస్తాడు? ఐ.ఎస్. 15658 అనే భారతీయ ప్రమాణం 2006లో చెప్పిన ప్రకారం మనుషులు మాత్రమే నడిచే చోటికి 50 మిల్లీమీటర్ల మందం, తేలిక వాహనాలకు 60, ఓ మోస్తరు బరువుకు 80 మిల్లీమీటర్ల మందం గల బ్లాకులు వాడాలి. బ్లాకు పీల్చే నీరు సగటున దాని బరువులో నూటికి 6 వంతులకు మించరాదు. ఏ బరువుకు పరిచాడో కాంట్రాక్టరు రాసి ఇవ్వాలి, ఆ బరువు దాటించకుండా చూసుకోవడం ఇంటివాని పని. నల్లా పైపు కోసం, కేబులు కోసం ఎవరో వచ్చి బ్లాకులు పెకలించి ఎట్లాపడితే అట్లా పూడ్చిపోతే అక్కడికి హామీ వర్తించదు. పాతబస్తీ గల్లీలలో ఈ తవ్వకాలు ఎంత పరిపాటి అయ్యాయో చెప్పనక్కరలేదు. చెట్టు వేరు లేపినా, ఇంటివారు ఆసిడ్ పోసినా అంతే.

వాన విషయంలో మాత్రం కాంట్రాక్టర్ల మాట నమ్మరాదు. "ప్రకృతి వైపరీత్యానికి బాధ్యత లేదు" అన్న వాక్యం ప్రతి పత్రంలోనూ వుంటుంది. 1908 నాటి వరద వైపరీత్యమే. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుంభవృష్టి, ఆ తరువాత గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ వంటి బస్తీలు మునగడమూ వైపరీత్యమే. అటువంటి నీటికి ఏ పూతా నిలవాలనడం సమంజసం కాదు. కాని జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఏటా పడే వాన వైపరీత్యమెట్లా అవుతుంది? వాననీటిని ఆపడానికే గదా పూత పూసింది! నేలపైకి వరద వచ్చి నిలిచితే తప్ప వాన పేరు చెప్పి తప్పుకోరాదని రాయించుకోవాలి.

ఈ వ్యవహారంలో అందరికంటే అన్యాయమయ్యేది కూలికి వచ్చినవాడు. నగరంలో బ్లాకులు మోసేవారిలో, పరిచేవారిలో కొడంగల్ వైపు నుంచీ, పాత పాలమూరు పల్లెల నుంచీ వలస వెళ్ళినవారు ఎందరో వున్నారు. పెద్ద కాంట్రాక్టరు పని తీసుకుంటాడు, చిన్న కాంట్రాక్టరుకు అప్పగిస్తాడు, అతను మేస్త్రికి చదరపు అడుగు లెక్కన ఇస్తాడు. చేతులు మారినకొద్దీ డబ్బు తరుగుతుంది, బాధ్యత మాత్రం కిందికి జారుతుంది. ఆఖరుకు పూత ఊడిందనగానే మేస్త్రి కూలి ఆపుతారు. రోలరు తెప్పించనిది మేస్త్రి కాదు, ఇసుకకు బదులు డస్టు తోలించినదీ అతను కాదు. అయినా మోకాళ్ళ మీద కూర్చొని వీపు కాల్చుకున్నవాడి బత్తెంలోనే కోత పడుతుంది. హామీ కోసం ఇంటివారు కొంత సొమ్ము చేతిలో వుంచుకోవడం మంచి పద్ధతే. పని విలువ లక్ష అనుకుంటే పదివేలు ఆపి, మొదటి వానాకాలం దాటిన తరువాత ఇవ్వవచ్చు. ఆ ఆపిన సొమ్ము కాంట్రాక్టరు లాభంలోనిదే గాని కూలీల బత్తెంలోనిది కాదని, కూలి మొత్తం పని ముగిసిన వారంలోగా చెల్లించాలని కూడా ఆ కాగితంలోనే వుండాలి. ఊళ్ళో పంచాయతీకి, బడికి, గుడికి పని చేయించే పెద్దలు ఈ మాట ముందుగా పెట్టవలసి వుంది.

ప్రభుత్వ పనులలో పూచీ కాలం కొత్త కాదు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్ళు దాని మంచిచెడ్డలు చూడాలన్న నిబంధన వుంది. 2019 చివరలో హైదరాబాదు నగరపాలక సంస్థ 709 కిలోమీటర్ల ప్రధాన రహదారుల నిర్వహణను అయిదేళ్ళకు ఏజెన్సీలకు అప్పగించింది. మరి పల్లెలో బడి ఆవరణలో, బస్టాపు దగ్గర, వీధి పక్కన పరిచే బ్లాకుల మాటేమిటి? వాటికీ ఒప్పంద పత్రం వుంటుంది, అందులో లోపాల బాధ్యత గడువు వుంటుంది. గడువు ఎంతో, ఎప్పటికి ముగుస్తుందో ఊళ్ళో ఎవరికీ తెలియకపోవడం వల్లనే అది కాగితంలోనే కాలం తీరిపోతున్నది. గడువులో చెడిన నేలను పంచాయతీ సొంత నిధులతో బాగుచేయించడం ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టడమే. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే ఒప్పంద పత్రం నకలు, కొలతల పుస్తకం నకలు 30 రోజులలో ఇవ్వాలి. గ్రామస్థాయి కార్యాలయంలో అర్జీకి రుసుము కూడా లేదు. వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి ఇమ్మని అడిగే హక్కు కూడా ఆ చట్టంలో వున్న సంగతి చాలామందికి తెలియదు. బ్లాకు మందం కొలవడానికి ఇంజనీరే రానక్కరలేదు. బడిపిల్లవాడి స్కేలు చాలు.

సొంత ఇంటి పనిలో మోసపోయినవారు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టాన్ని ఆశ్రయించవచ్చు. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన ఈ చట్టంలో పల్లెవాసులకు పనికివచ్చే మార్పు ఒకటుంది. కాంట్రాక్టరు పాతబస్తీవాడైనా, హైదరాబాదు చుట్టూ తిరగనక్కరలేదు, ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాకు వర్తించే కమిషన్‌లోనే దావా వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలలోపు అయితే రుసుము లేదు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. అయితే నష్టం జరిగిన రెండేళ్ళలోగా వేయాలి. ముందుగా 1915 నెంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. కమిషన్ అడిగేది మాత్రం కాగితం. కచ్చా చీటీ మీద పెన్సిలుతో రాసిన లెక్క, నోటిమాట, పక్కింటి సాక్ష్యం నెగ్గుకురావడం కష్టం. పన్ను తప్పుతుందన్న ఆశతో పక్కా బిల్లు వద్దనుకున్నవారు ఆ మిగిలిన నాలుగు డబ్బులతోపాటు హామీనీ వదులుకున్నట్లే.

ఆ కాగితం ఏ భాషలో వుండాలన్నదీ ఆలోచించవలసినదే. పాతబస్తీలో ఇంటివారు ఉర్దూ, మేస్త్రి తెలుగు, అచ్చు కాగితం ఇంగ్లీషు. ముగ్గురూ తలలూపి సంతకాలు పెడతారు, ఒక్కరికీ అందులో ఏముందో తెలియదు. ఇద్దరూ చదువుకోగలిగే భాషలో అరపేజీ చేతిరాత వున్నా చెల్లుతుంది. పని కొలత, మందు పేరు, ఎన్ని చేతులు, ఎన్ని వానాకాలాలు, ఎన్ని రోజులలో బాగుచేయాలి, ఎంత సొమ్ము ఆపారు అన్నవి అందులో వుండాలి. రెండు ప్రతులు రాసి, ఒకటి ఇంటివారి దగ్గర, ఒకటి పనివాని దగ్గర వుంచాలి. పూత ముగిసిన రోజున నేలను నాలుగు మూలల నుంచి ఫొటో తీసి తేదీతో దాచుకోవాలి. పూత బాగా ఆరిన తరువాత, ఆఖరి విడత సొమ్ము ఇవ్వడానికి ముందు చెంబుతో నీళ్ళు తెచ్చి అయిదారు చోట్ల చిలకరించి చూడాలి. తామరాకు మీద నీటిలా ముత్యాలు కట్టి నిలిస్తే పూత పట్టినట్లు. పోసిన చోటల్లా నీరు ఇంకి నల్లబడితే అక్కడ చేయి పడలేదన్నమాట. ఆ చోట్లకు సుద్దముక్కతో గీత గీసి, మళ్ళీ పూయించిన తరువాతనే మిగతా సొమ్ము చెల్లించాలి.